చద్దరు పరిచేంత కారు

ఆ కారును నేను సరిగ్గా చూసిన రోజున దాని మీద ఉతికిన చద్దర్లు ఆరేసి ఉన్నాయి. షోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంటికి మూడో సందులో మూతబడిన మరమగ్గాల షెడ్డు ఒకటుంది. షెడ్డు ముందు రేకుల పందిరి, పందిరి కింద ఆ కారు. పైన పావురాల రెట్టలు, గాలి పోయి నేలకు అతుక్కున్న రెండు టైర్లు. ఆ దారిన ఎన్నేళ్ళుగానో పోతున్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు గాలికి ఒక చద్దరు జారి కింద పడితే, దులిపి మళ్ళీ వేద్దామని దగ్గరికి వెళ్ళి, వెనక అద్దంలోంచి లోపలికి చూశాను. వెనక సీటు ముందుకు మడిచి ఉంది. అక్కడి నుంచి వెనక తలుపు దాకా అంతా ఒకటే చదును. మనిషి కాళ్ళు చాపుకొని పడుకోగలిగినంత చదును.

అప్పటి నుంచి నాకు కుదురు లేకుండా పోయింది.

అలాంటి బండిని స్టేషన్ వ్యాగన్ అంటారని తర్వాత తెలిసింది. మా పేటల్లో అందరూ పొడుగు కారు అనేవాళ్ళు. నేను ఇరవై ఏళ్ళ వయసులో దాజీ పేట్‌లో పనిలో చేరినప్పుడు, మా కార్ఖానాకు అలాంటి కారే వచ్చేది. చద్దర్ల మూటలు నేనే ఎక్కించేవాణ్ణి. నన్ను ఎక్కమన్నవాళ్ళు ఎవరూ లేరు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ కారు చుట్టూ తిరిగిన ఇరవై రోజులూ నేను అందరితో అన్న మాట వేరు. నా భార్య కోసం అన్నాను, దేవుని కోసం అన్నాను. రెండూ అబద్ధాలు కావు. కాని లోపల మూడోది కూడా ఒకటి కదులుతూనే ఉండింది.

నా భార్య బీడీలు చుడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఒళ్ళో చాట, వంగిన వీపు, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా. ఈ వానకాలం చివర్లో ఆమె నడుము పట్టేసింది. వెన్నెముకలో ఎముకల మధ్యనుండే మెత్తటిది పక్కకు జరిగిందని డాక్టర్ చెప్పాడు. నిలబడగలదు, పడుకోగలదు, మెల్లగా నాలుగడుగులు వేయగలదు. కూర్చోలేదు. బతుకంతా కూర్చునే పని చేసిన మనిషికి ఆ కూర్చోవడమే రాకుండా పోయింది. ఇప్పుడు పక్కకు ఒరిగి పడుకొని ఎన్ని వీలైతే అన్ని చుడుతుంది.

మా ఇద్దరి మెడలోనూ తులసి మాల ఉంది. మాల వేసుకున్నవాళ్ళు నెలనెలా శుద్ధ ఏకాదశికి పండరిపురం పోయి పాండురంగణ్ణి చూసి రావాలి. దాన్నే వారీ అంటాం. పదహారేళ్ళ కిందట ఇద్దరం కలిసి మాల వేసుకున్నాం. అప్పటి నుంచి నేను రెండుసార్లు తప్పాను, ఒకసారి జ్వరమొచ్చి, ఒకసారి కార్ఖానాలో సెలవు దొరక్క. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. మా భజన మండలిలో గ్రంథం చదివి అర్థం చెప్పేవాణ్ణి నేను, నన్ను అందరూ మహారాజ్ అని పిలుస్తారు. కాని నియమం విషయంలో ఆమె ముందు నేను చిన్నవాణ్ణే.

ఆశ్వయుజ ఏకాదశి నాడు ఆమె బస్సెక్కింది. ఊరు దాటకముందే ముఖమంతా చెమట పట్టింది. సీటు పట్టుకొని లేచి నిలబడింది. బస్సు కుదుపులకు నిలబడటమూ కాలేదు. ఆపించి దిగిపోయాం. "నువ్వు పో" అంది. ఆటోలో పడుకోబెట్టి ఇంటికి పంపి, నేను ఇంకో బస్సులో ఒక్కణ్ణే వెళ్ళాను. తిరిగొచ్చి ప్రసాదం పేలాల పొట్లం ఆమె చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకొని తీసుకుంది. ఏమీ అడగలేదు.

ఆ రోజు అక్కడ జరిగిందొకటుంది. ఆమెకు చెప్పలేదు. అది తర్వాత.

కార్తికం వస్తోంది. కార్తిక ఏకాదశి మా వారీల్లో పెద్దది. ఇది కూడా తప్పితే ఆమె వారీ నిజంగా తెగినట్టేనని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. కిరాయి కారు ఒకటి మాట్లాడి చూశాను. వెనక సీటులో మోకాళ్ళు ముడుచుకొని పడుకుంటే నొప్పి ఇంకా ఎక్కువైంది, సందు చివరి నుంచే వెనక్కి వచ్చాం. ఇలాంటప్పుడు ఆ చదునైన వెనక భాగం నా కంటపడింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. నాలుగో రోజు షెడ్డు యజమాని బయటికి వచ్చాడు. మా తెలుగాయనే. ఒకప్పుడు ఎనిమిది మగ్గాలు నడిపినవాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఆయన తన సాంచాలు నేసిన చద్దర్లను ఈ కారులోనే వేసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. సాంచాలు పోయాయి, కారు మిగిలింది.

"ఏంది మహారాజ్, నాలుగొద్దుల సంది దీని సుట్టే తిరుగుతున్నవ్? ప్రదక్షిణా?"

"అమ్ముతవా సావుకార్?"

"భంగార్ వాడు రోజూ అడుగుతుండు. పాత ఇనుము లెక్క తూకమేసి తీస్కపోతడట." ఆయన పంచె కొంగుతో కారు తలుపు మీద దుమ్ము తుడిచాడు. "బఘా, సూడు, ఇది తూకమేసే వస్తువా?"

దాచకుండా అన్నీ చెప్పాడు. బ్రేకులు లేవు. కింది పత్రా, అంటే అడుగు రేకు, తుప్పు తినేసింది. కాగితాల గడువు దాటింది, మళ్ళీ పాసింగ్ చేయించాలి. "ఖరే సాంగ్తో, నిజం చెప్తున్న, ఇంజిన్ మాత్రం ఎకదం మంచిది. బ్యాటరీ పెడితే ఇప్పుడే మాట్లాడ్తది."

నేను ఆరేసిన చద్దర్లలోంచి ఒకటి అడిగి తీసుకొని వెనక పరిచాను. మా షోలాపూర్ చద్దరు పొడుగు మాకు చేతికి తెలిసిన కొలత, టేపు అక్కర్లేదు. మడత లేకుండా పట్టింది. అయినా నమ్మకం కుదరక చెప్పులు విప్పి నేనే ఎక్కి పడుకున్నాను. నేను నా భార్య కన్నా నాలుగు వేళ్ళు పొడుగు. నా కాళ్ళు వెనక తలుపుకు తగల్లేదు. పైకప్పు గుడ్డ చిరిగి వేలాడుతోంది. ఆ చిరుగును చూస్తూ పడుకొని, దీన్ని దేవుడే ఇన్నేళ్ళు ఇక్కడ ఆపి ఉంచాడని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా అలవాటు.

ధర దగ్గర పెద్ద బేరమేమీ లేదు. ఇంటి పైకప్పు కోసం దాచినది సరిపోతుంది. అక్కల్‌కోట్ రోడ్డు మీద వెల్డింగ్ చేసేవాడు కింది పత్రా, బ్రేకులు అన్నీ కలిపి మూడు రోజుల్లో అయిపోతుందన్నాడు. ఇక ఇంట్లో చెప్పాలి.

"ఏమే, ఒక మాట" అన్నాను.

"కారు సంగతే గద?"

"నీకెవరు చెప్పిన్రు?"

"నల్లా కాడ ముగ్గురు చెప్పిన్రు. మీ మహారాజు తుప్పు కారుల పండుకొని కొలతలిస్తుండు, ఏమైనా మతి తప్పిందా అని అడిగిన్రు." పక్కకు ఒరిగి పడుకొనే తునికాకు కత్తిరిస్తోంది, కత్తెర ఆగలేదు. "నీకు సైకిల్ తప్ప నడుపరాదు గద."

"మన మండలి మృదంగమాయన నడుపుతడు."

"ఆయన ఆటోవాడు. మూడు చక్రాలకు మరిగినోడు. నాలుగోది ఏడ పోతదో సూస్కోడు."

"మరి ఆంబులెన్సు పెడదామంటె నువ్వే వద్దంటివి."

"దేవుని కాడికి ఆంబులెన్సుల పోతరా ఎవరన్న? ఎర్ర లైటేస్కొని, కుయ్ కుయ్ అనుకుంట? పాండురంగడు బయపడి తను నిలబడ్డ ఇటుక దిగి ఉరుకుతడు."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆమె నడుము నొచ్చింది. నొప్పి తగ్గేదాకా కళ్ళు మూసుకొని, తర్వాత నా వైపు చూడకుండానే అంది: "నా కోసమైతే వద్దు. నీ కోసమైతే నా పేరు చెప్పకు."

ఆ మాట నా వెంటబడింది. దీపావళి వచ్చింది, సాంచాలు ఆగాయి. మా పేటలో సాంచాలు ఆగితే ఉండే నిశ్శబ్దం బయటివాళ్ళకు సుఖంగా ఉంటుందేమో, మాకు ఉండదు. సాంచా మీద ఒక పక్క నుంచి కర్ర కొడితే నూలు మోసే నాడె దూసుకుపోతుంది, అవతలి పక్క కర్ర దాన్ని వెనక్కి కొడుతుంది. ఆ ఠక్ ఠక్‌లోనే పుట్టాం, పెరిగాం. నేను జాబర్‌ను, అంటే చెడిన సాంచాలను బాగుచేసేవాణ్ణి. ఆ చప్పుడు ఒక్క తీరుగా ఉంటే నాకు పని లేదని అర్థం, చాయ్ తాగొచ్చు. ఎక్కడైనా తడబడిందా, లేచి పరుగెత్తాలి. అలాంటిది దీపావళి సెలవుల్లో ఊరంతా మూగబోతే నాకు కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది. నడిస్తే కాళ్ళు మూడో సందుకే తీసుకుపోయాయి.

సాయంత్రాలు మండలిలో గ్రంథం చదువుతున్నప్పుడూ అదే ఆలోచన. గ్రంథంలో భక్తుని కోసం దేవుడు వాహనాన్ని కూడా వదిలేసి పరుగెత్తిన ఘట్టాలున్నాయి. రథమెక్కి గర్వపడిన రాజులు నేల మీదికి దిగి రావలసి వచ్చిన ఘట్టాలూ ఉన్నాయి. ఆ వారమంతా నేను మొదటివాటికే గొంతు పెంచి అర్థం చెప్పాను. రెండోవి వచ్చిన చోట వేలు గబగబా జారింది. మా మండలిలో తాళాలు వేసే పెద్దాయన ఒకరున్నారు, అందరికీ పెద్దన్న. నలభై ఏళ్ళు సాంచాల మీద పనిచేశారు.

"తమ్మీ, ఇయ్యాల రెండు పుటలు దుంకినవ్" అన్నారాయన హారతి తర్వాత. "ఎవల వెనుక ఉరుకుతున్నవ్?"

ఇక ఆగలేక దేవుణ్ణే అడుగుదామనుకున్నాను. మా దగ్గర పువ్వు అడిగే పద్ధతి ఉంది. తడిపిన చామంతి రేకులు రెండు తీసుకొని దేవుని రెండు భుజాలకూ అంటిస్తాం. మనసులో ప్రశ్న చెప్పుకొని నిలబడతాం. కుడి రేకు ముందు రాలితే ఔను, ఎడమది రాలితే వద్దు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి మండలి మందిరానికి వెళ్ళాను. ఎవరూ లేరు. రేకులు అంటించి, చేతులు కట్టుకొని, "కొననా?" అని అడిగాను.

ఎడమ రేకు రాలింది. వెంటనే రాలింది.

తలెత్తి చూస్తే పైన ఫ్యాను తిరుగుతోంది. గాలి ఎడమ వైపు నుంచే వస్తోందని నాకనిపించింది. ఫ్యాను ఆపేసి, కొత్త రేకులు తడిపి, మళ్ళీ అంటించాను. ఈసారి రెండూ రాలలేదు. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా నిలబడ్డాను. జవాబు వచ్చాక మళ్ళీ అడగటం దేవునితో బేరమాడటమేనని పదిమందికి చెప్పిన నోరు నాది. ఆ నోటితోనే, ఇది ఫ్యాను చేసిన పని అని నాకు నేను చెప్పుకొని బయటికి వచ్చాను.

ఆ సాయంత్రం పెద్దన్నను వెంటబెట్టుకొని షెడ్డుకు వెళ్ళాను. సావుకారు ఎక్కడి నుంచో బ్యాటరీ తెచ్చి పెట్టించాడు. నాలుగైదుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఇంజిన్ నిజంగానే మాట్లాడింది.

సాంచాల మధ్య బతికిన మాకు చెవులు సగం పోయి ఉంటాయి. మేం యంత్రాన్ని వినేది ఎక్కువగా అరచేత్తోనే. పెద్దన్న బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. నేనూ పెట్టాను. ఠక్, ఠక్, ఠక్. ఒక్కటి తడబడలేదు. వారం రోజులుగా మూగబోయిన పేటలో ఆ దెబ్బ నా అరచేతి నుంచి మోచేయి దాకా పాకింది. ఎండిన గొంతులో నీళ్ళు పోసినట్టుంది.

"తాళం తప్పుత లేదు తమ్మీ" అన్నారు పెద్దన్న.

"నేను చెప్పలే?" అన్నాడు సావుకారు.

పెద్దన్న సంచిలోంచి తాళాలు తీశారు. ఇంజిన్ దెబ్బకు సరిగ్గా దెబ్బ వేస్తూ మెల్లగా "విఠ్ఠల, విఠ్ఠల" అని అందుకున్నారు. సావుకారు గొంతు కలిపాడు. నేనూ కలిపాను. ముగ్గురం ఆ పొగలో నిలబడి, దగ్గుతూ, ఒక పాత కారు ముందు నామం పాడాం. దేవుడు ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెబుతాడని అనిపించింది. ఎల్లుండి మంచి రోజు, కొబ్బరికాయ కొట్టి తీసుకుంటానని మాట ఇచ్చేశాను. ఇంటికి వెళుతూ కొబ్బరికాయ కూడా కొన్నాను.

కొబ్బరికాయ చూసి నా భార్య, "కొట్టేముందు నేను ఒకసారి సూస్త" అంది.

కొబ్బరికాయ కొట్టాల్సిన రోజున ఆమె నా భుజం మీద చెయ్యి వేసుకొని నడిచి వచ్చింది. మూడు సందులకు మూడు కరెంటు స్తంభాల దగ్గర ఆగింది. మృదంగమాయన ఆటోలో ముందే వచ్చి ఉన్నాడు. మొన్న ఆయన స్టేషన్ కిరాయికి పోయాడు కాబట్టి ఇంజిన్ వినలేదు. పెద్దన్న తాళాలతో సహా సిద్ధంగా ఉన్నారు. సావుకారు తాళం చెవి తిప్పాడు. ఠక్, ఠక్, ఠక్.

నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె పందిరి అంచునే ఆగిపోయింది.

"బంద్ చెయ్యుమను" అంది.

"ఏమైంది?"

"అది కొట్టుకుంటుంది."

"మంచిగ కొట్టుకుంటుంది గదనే! ఒక్క దెబ్బ తప్పుత లేదు."

"ఏమయ్యా, కారు కొట్టుకోవద్దు." ఆమె నన్ను జాలిగా చూసింది. "బస్సు గిట్ల కొట్టుకుంటదా? ఆటో కొట్టుకుంటదా? మనింట్ల మిక్సర్ కాలిపోయేముందు గిట్లనే కొట్టుకున్నది. నీకు చెప్తే మంచిగ తిరుగుతుంది అంటివి. యాది లేదా?"

మృదంగమాయన అప్పటికే బానెట్ ఎత్తాడు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చి, కొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. అలా రెండు మూడు చోట్ల విని తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, వదినె చెప్పిందే ఖరే. లోపల బేరింగ్ పోయింది, రాడ్ కొడుతుంది. గిట్లనే తీస్కపోతె సగం దారిల మోహోళ్ గూడ దాటదు. నడిరోడ్డుల పట్టేస్తది."

పెద్దన్న చేతిలో తాళాల వైపు చూసుకున్నారు. "అంటె మొన్న మనం తాళమేసింది రోగానికా?" అన్నారు.

ముందు నవ్వింది నా భార్యే. నడుము పట్టుకొని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సావుకారు ఇంజిన్ ఆపేసి సీటులోనే కూర్చుండిపోయాడు. "పదేండ్ల సంది ఇదే సప్పుడు" అన్నాడు. "గుండె గట్టిగున్నదనుకున్న." ఆయన అబద్ధమాడలేదు. ఆయనా సాంచాలవాడే. కొట్టుకుంటూ ఉంటేనే బతికున్నట్టని నేర్చుకున్న ముగ్గురం, ఆ కారును కూడా అలాగే విన్నాం.

ఇంజిన్ విప్పి బాగుచేయడానికి నెల చాలదని, ఆ బండి సామాన్లు ఇప్పుడు వెతికినా దొరకడం కష్టమని మృదంగమాయన చెబుతున్నాడు. ఏకాదశి ఐదు రోజుల్లో ఉంది. నేను వింటూనే వేరే లెక్కలు వేస్తున్నాను. మెల్లగా పోతే? మధ్యలో ఆపుకుంటూ పోతే? అప్పుడు ఆమె, "వెనుక తలుపు తియ్యుండ్రి" అంది.

చద్దరు నేను పరిచిందే ఇంకా ఉంది. మెల్లగా ఒరిగి, కాళ్ళు చాపుకొని పడుకుంది. సరిగ్గా సరిపోయింది. కాసేపు పైకప్పు చిరుగు వైపు చూసింది.

"బాగున్నది" అంది. "నువ్వన్నది నిజమే, మనిషి కొలతే." తర్వాత చెయ్యి చాచి పక్కన తడిమింది. "మూటలు ఇసుంటి దాంట్లనే ఏస్తుండిరా?"

"ఆ. నేనే ఎక్కిస్తుంటి."

సందు చివర ఒక టెంపో వెళుతోంది, చద్దర్లూ టవల్‌లూ కట్టిన మూటలు ఎత్తుగా వేసుకొని. వెనక తలుపు తెరిచే ఉంది కాబట్టి పడుకున్న చోటు నుంచే ఆమెకు కనిపించింది. అది కళ్ళకు కనిపించకుండా పోయేదాకా చూసింది.

"ఆ టెంపో యాడికి పోతది?"

"పండరపూర్" అన్నాను. "యాత్రల దుకాణాలకు. మా కార్ఖానాదే."

అన్నాక నాకే వినిపించింది. ప్రతి ఏటా కార్తికానికి మా కార్ఖానా నుంచి టెంపోలు పోతాయి. వాటి మీది మూటలు కట్టించేది నేనే. ఈ ఏడు కూడా నేనే కట్టించాను. వాటిలో సగం మెత్తటి టవల్‌లు. ఇరవై రోజులుగా ఆ టెంపోల పక్క నుంచే నడిచి ఈ పందిరి కిందికి వచ్చాను.

ఆమె నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది. "దశమి నాడు గూడ ఒకటి పోతదా? పోతె నన్ను కూడ ఒక మూట అనుకొమ్మను" అంది.

దశమి పొద్దున మూటల మధ్య ఆమె పొడుగున గుంతలా వదిలి, చుట్టూ తాళ్ళు కట్టించాను. కింద టవల్ మూటలు, మీద చద్దరు. కారు కోసం కొన్న కొబ్బరికాయను టెంపో చక్రం ముందు కొట్టాను. సావుకారు చూడటానికి వచ్చి, తాళ్ళ ముడులు ఒక్కొక్కటీ లాగి పరీక్షించి వెళ్ళాడు. ఆయనకు కారు వద్దని చెప్పడానికి నేను రెండు రోజులు తిరిగాను. చెప్పినప్పుడు ఆయన, "మంచిదే మహారాజ్" అని మాత్రం అన్నాడు.

దారంతా సుఖంగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మోహోళ్ దాటాక రోడ్డు తవ్వి ఉంది. ఒక్కొక్క గుంతకూ ఆమె పెదవి కొరుక్కుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని డ్రైవరును మెల్లగా పొమ్మని అరుస్తూనే ఉన్నాను. "నువ్వు ఊకో, నీ అరుపుకే నొస్తుంది" అంది. నడిచి వెళ్ళే జట్లు పక్కన కనబడ్డాయి. వారీలో ఎవరు ఎవరినైనా అమ్మా అన్నట్టు మావులీ అని పిలుస్తారు. మూటల మీద పడుకున్న ఆమెను చూసి, వాళ్ళలో ఒకామె, "మావులీ, చద్దరు ధరెంత?" అని మరాఠీలో అడిగింది. "అమ్మేది కాదు, దేవునికి పోతుంది" అని ఈమె కూడా మరాఠీలోనే జవాబిచ్చింది.

ఊళ్ళోకి బండ్లను రానివ్వరు. నది ఇవతలే ఆపేశారు. గుడి లోపలికి వరుస ఎంత పొడుగుందో తెలుసు, ఆమె అంతసేపు నిలబడలేదు. లోపలికి పోలేనివాళ్ళు దూరం నుంచి శిఖరం చూసి మొక్కినా వారీ చేరినట్టే, అది పెద్దల నాటి నుంచీ ఉన్నదే. నేను మూటల మీద నిలబడి ఆమెను చంకల కింద పట్టి లేపాను. మోకాళ్ళ మీద లేచి చేతులు జోడించింది. శిఖరం చిన్నగా కనిపిస్తోంది. ఎండ పడి కలశం మెరుస్తోంది. ఆమె ఏం మొక్కుకుందో నాకు తెలియదు. నాకు మాత్రం లోపల దాచింది గొంతు దాకా వచ్చింది.

"పోయిన నెల నేను ఒక్కణ్ణే వచ్చినప్పుడు" అన్నాను, "వరుస తొందరగ జరిగింది. చాయ్ తాగిన. పేలాలు కొన్న. నది ఒడ్డుకు కూసున్న. పానం అల్కగ అనిపించింది. దేవుని ముంగట నిలబడేదాక నువ్వు యాదికే రాలే."

ఆమె చేతులు దించలేదు. "తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?"

"ఎప్పుడైనా రెండు పేలాల పొట్లాలు తెస్తం, నీదొకటి, నాదొకటి. ఆ దినం ఒక్కటే తెచ్చినవ్. నీది తెచ్చుకున్నవ్, నాది మరిసినవ్. ఇంటికొచ్చినంక నీది నాకిచ్చినవ్." అప్పుడు చేతులు దించి, "ఇప్పుడు పోయి రెండు పట్కరాపో" అంది.

జనంలో తోసుకుంటూ వెళ్ళి రెండు పొట్లాలు తెచ్చాను.

ఇది జరిగి మూడు వారాలైంది. మార్గశిర ఏకాదశి దగ్గరపడింది. కార్తిక యాత్రకు తప్ప నెలనెలా మూటల టెంపో పోదు. డాక్టర్ ఆమెకు కొన్ని కసరత్తులు చెప్పాడు, రోజుకు ఒక స్తంభం ఎక్కువ నడుస్తోంది. బస్సులో కూర్చునేంత అవుతుందో లేదో తెలియదు. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. నా చెయ్యి వాటి మీద పెట్టినప్పుడు ఇప్పుడు ఒక క్షణం అనుమానం కలుగుతోంది, ముందు ఎప్పుడూ కలగలేదు. గ్రంథంలో రథాల మీంచి దిగిన రాజుల పుటలు వచ్చినప్పుడు దాటకుండా చదువుతున్నాను. పెద్దన్న గమనిస్తున్నారు.

నిన్న సాయంత్రం పని నుంచి వస్తూ మూడో సందు మీంచి వచ్చాను. కారు అక్కడే ఉంది. భంగార్ వాడికి సావుకారు ఇంకా ఇవ్వలేదు. ఎవరూ చూడటం లేదని బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. వెనక చదునులో నేను పరిచిన చద్దరు ఇంకా అలాగే ఉంది. విప్పి బాగుచేస్తే నెల, సామాన్లు దొరికితే ఇంకా తొందరగా, మాఘానికి అందుతుందేమో అని లెక్క మొదలైంది. లెక్క మధ్యలో ఆపి ఇంటికి నడిచాను.

నా భార్య గడప దగ్గర గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"ఏ సందు నుంచి వచ్చినవ్?"

నేను వంగి చెప్పులు విప్పాను.

"చేతికి దుమ్మున్నది" అంది. "కడుక్కొని రా, బువ్వ తిందాం."